అరువు గుండె

తెల్లవారకముందే ఆ గదిలో మొదట లేచేది నీళ్ల చప్పుడు. ఎవరో ఒకరు గ్లాసులో వేళ్లు ముంచి, పట్టీ లోపలివైపున్న నల్ల రబ్బరు బిళ్లల మీద తడి రాస్తారు. బిళ్లలు తడిగా ఉంటేనే గుండె చప్పుడు అందుతుంది. పొడిగా ఉంటే నోటికొచ్చిన లెక్క చెబుతుంది. అలా తడిపిన పట్టీని రొమ్ము కింద బిగించుకుని, మంచం దిగకుండా, అటూ ఇటూ దొర్లకుండా పడుకోవాలి. తలుపు పక్కన గోడకి తగిలించిన ట్యాబ్ కుయ్‌మనేదాకా అంతే. ఆ తర్వాత దాని మీద ఒక్కొక్కరి పేరు పక్కన చుక్క వెలుగుతుంది. పచ్చచుక్కయితే ఒళ్లు తేరుకుంది, ఇవాళ పరిగెత్తించొచ్చు అని. ఎర్రచుక్కయితే నిన్నటి అలసట ఇంకా దిగలేదు అని.

ఎవరి పట్టీ వాళ్లే కట్టుకోవాలన్నది నియమం. ఆ గదిలో ఉన్న ఆరుగురు పిల్లల పట్టీలూ మాత్రం రోజూ చీకట్లో చేతులు మారి ఒకే మంచం దగ్గరికి చేరుతున్నాయి.

ఆ మంచం తాబేలుది. దూరపు పరుగుల్లో ఆ పిల్లని మించిన పిల్ల లేదు. కాళ్లు లేడివే. తాబేలన్న పేరు గుండెని బట్టి వచ్చింది. మొట్టమొదటి పరీక్షలో దాని గుండె ఎంత నిదానంగా కొట్టుకుందంటే, పరీక్షలు చేసే ఆవిడ యంత్రం పాడైందేమోనని రెండుసార్లు తట్టి చూసింది. మాస్టారు మాత్రం పొంగిపోయాడు. గుండంటే ఇదీ, మిగతావాళ్లవి గుండెలు కావు, గిలక్కాయలు అన్నాడు. ఆ గిలక్కాయల్లో అన్నిటికంటే గలగలలాడేది పిచ్చుకది. మనిషి పిడికెడు, గుండె దడదడ. తాబేలు దానికి పెద్దమ్మ కూతురు. ఇద్దరూ ఒక పళ్లెంలో తిని, ఒక దుప్పట్లో దూరి పెరిగినవాళ్లు.

కిటికీ పక్కన ఏడో మంచం ఖాళీ. పరుపు చుట్టి తలవైపు పెట్టేశారు. దాని మీద పడుకునే పిల్లకి మూడు పొద్దులు ఎర్రచుక్క వచ్చింది. ఈ పట్టీలూ ట్యాబులూ తెచ్చిన కొత్తలో పరీక్షమ్మ (పిల్లలు ఆవిడని అలాగే పిలుస్తారు) అందర్నీ కూర్చోబెట్టి, ఎరుపొస్తే భయపడకండి, ఆ రోజు రెస్టని అర్థం, అంతకుమించి ఏం లేదు అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మాస్టారు కూడా అప్పుడు తలూపాడు. పెద్ద పోటీలకి నలుగుర్నే తీసుకురావాలని పైనుంచి కబురొచ్చాక ఆయన తల ఊగడం మానేసింది. రెస్టు కావాల్సినవాళ్లకి ఇంటికంటే మంచి చోటేముంది అన్నాడు. మూడోసారి ఎరుపొస్తే పెట్టె సర్దుకోవడమే. ఆ పిల్ల పెట్టె ఈడ్చుకుంటూ మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టు మీదా అది దభీమని పడింది. గదిలోంచి ఎవరూ బయటికి రాలేదు. ఆ చప్పుడు పిచ్చుక చెవిలో ఇంకా ఇల్లు కట్టుకునే ఉంది.

ఆ మర్నాడే పిచ్చుకకి రెండో ఎరుపు వచ్చింది. తాబేలు చెల్లెలి చేతిలోంచి పట్టీ లాక్కుని, రేపట్నుంచి ఇది నేను కట్టుకుంటా, నువ్వు నోరు మూసుకుని పడుకో అంది. అలా మొదలైంది. ఒక ఇంట్లో పొయ్యి రాజితే పక్కింటివాళ్లు నిప్పుకి వచ్చినట్టు, మిగతావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కాదనడం తాబేలుకి చేతకాదు.

ఆ పొద్దున కూడా తాబేలు చొక్కా పైకెత్తి పడుకుంది. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా ఆరు పట్టీలు వరసగా బిగించారు. చల్లటి రబ్బరు తగిలినప్పుడల్లా దాని పొట్ట ముడుచుకుంటోంది. పట్టీలు సర్దుతున్న గడుగ్గాయి ఆ గదిలో నోరున్న పిల్ల. అది వెనక్కి జరిగి చూసి, "కట్టెలమోపులా ఉన్నావే అక్కా. ఎవరైనా చూస్తే ఎత్తుకెళ్లి పొయ్యిలో పెట్టేస్తారు," అంది. కవలలిద్దరూ దుప్పట్లో నోరు దూర్చి నవ్వారు. మూగనోము నవ్వలేదు. ఆ పిల్ల దేనికీ నవ్వదు, అందుకే ఆ పేరు.

పిచ్చుకకి చలేసింది. పట్టీ తన ఒంటిమీద లేనప్పుడు ఎక్కడ పడుకుంటేనేం అనుకుని అక్క దుప్పట్లో దూరింది. తాబేలు గోడవైపు తిరిగి ఉంది. దాని వీపుకి చెవి ఆనించింది. చిన్నప్పట్నుంచీ దానికదే జోలపాట. ఇంటి చివరి గదిలో ఎవరో తీరిగ్గా రోట్లో దంచుతున్నట్టు, ఒక దెబ్బ, కాసేపు, ఇంకో దెబ్బ. పిచ్చుక కళ్లు మూతలు పడ్డాయి.

ఒక దెబ్బ పడింది. తర్వాతది పడలేదు.

పిచ్చుక కళ్లు తెరిచింది. చెవి జరిగిందేమోనని ఇంకాస్త గట్టిగా ఆనించింది. వీపు వెచ్చగానే ఉంది. లోపల ఏమీ లేదు. రోకలి పైకెత్తినవాళ్లు దించడం మర్చిపోయి ఎటో వెళ్లిపోయినట్టుంది. అప్పుడు లోపల దభీమని ఒక్కటి పడింది, మెట్ల మీద పెట్టె పడ్డట్టు. ఆ వెనకే అన్నీ మామూలే.

"అక్కా, నీ గుండె ఆగింది."

"ఆగితే నీతో ఎలా మాట్లాడతానే," అంది తాబేలు నిద్రగొంతుతో. "నాది అంతే. మధ్యలో ఓ కునుకు తీస్తుంది."

గోడమీద ట్యాబ్ కుయ్‌మంది. ఆరు చుక్కలూ పచ్చగా వెలిగాయి.

*

మైదానంలో మాస్టారు ఫోన్లో ఆ ఆరు పచ్చలూ చూసుకుంటూ నిలబడ్డాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెడ్డమనిషి కాదు. పరుగుకి ముందు వంగి పిల్లల బూట్ల లేసులు తనే సరిచూస్తాడు. విరిగి అతికిన మోకాలు వంగనని మొరాయిస్తున్నా వంగుతాడు. అయితే పచ్చచుక్క చూస్తే ఆయనకి కళ్లు కనపడవు. పచ్చగా ఉందంటే నిన్నటి లోడు ఒంటికి సరిపోలేదనే కదా, ఇవాళ కాస్త పెంచుదాం అంటాడు. పెంచుతాడు. మర్నాడు మళ్లీ ఆరూ పచ్చే. మళ్లీ పెంచుతాడు. ఒక్క గుండె మోయగలిగిన బరువుని ఆరుగురి వీపుల మీద వేస్తున్నానని ఆయనకేం తెలుసు?

పిల్లలకి తెలుసు. కవలల్లో ఒకతె మోకాలి కింద ఎముక మీద చెయ్యి వేయనివ్వట్లేదు. మూగనోము తాగిన పాలు తాగినట్టే పైపు దగ్గర కక్కేస్తోంది. గడుగ్గాయికి జోకులు తగ్గాయి. పిచ్చుక దువ్వెనకి జుట్టు ఊడొస్తోంది. రాత్రుళ్లు ఒళ్లంతా నలిగిపోయి ఉంటుంది, నిద్ర మాత్రం రాదు. తలగడలో తన గుండె తనకే వినబడుతుంది, ఎవరో తరుముకొస్తున్నట్టు. పోనీ నిజం చెప్పుకుందామా అంటే చెప్పినవాళ్లకి మొదట దొరికేది పెట్టె.

ఆ రోజు గుట్ట పరుగు. ఎక్కడం పరుగు, దిగడం నడక, మళ్లీ ఎక్కడం. తాబేలు ఎప్పట్లాగే అందరికంటే ముందు పైకి చేరింది. చేరి, ఇనప కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. పిచ్చుక రొప్పుకుంటూ వెనకాలే చేరేసరికి అక్క వేళ్లు కమ్మీ చుట్టూ తెల్లబడి ఉన్నాయి. మొహం కడిగిన గిన్నెలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎదురుగా ఉన్న చెల్లెల్ని చూడట్లేదు. పిచ్చుక భుజం పట్టుకుని ఊపింది. తాబేలు నీళ్లలోంచి పైకొచ్చినట్టు ఊపిరి పీల్చి, కిందికి చూసి, లేసు ఊడిందే అంది.

లేసు ఊడలేదు. మాస్టారు కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

దిగుతూ పిచ్చుక వెనక్కి తిరిగి తిరిగి చూసింది. గుట్ట కింద పరీక్షమ్మ నిలబడి ఉంది. సాధారణంగా ఆవిడ మైదానానికి రాదు. ఆవిడ చూపు తాబేలు మీద ఒక్కదాని మీదే లేదు. ఆరుగురినీ ఒకరి తర్వాత ఒకర్ని, తప్పిపోయిన పిల్లని గుంపులో వెతుకుతున్నట్టు చూస్తోంది.

*

మధ్యాహ్నం ల్యాబుకి రమ్మని పిలుపొచ్చింది. అదొక పొడుగాటి గది. ఒక పక్క పరుగు పట్టా యంత్రం, ఒక పక్క తూకం, గోడకి ఎత్తు కొలిచే కర్ర, మధ్యలో దుప్పటి పరిచిన బల్ల. ఎప్పుడూ స్పిరిట్ వాసన. పిల్లలు గోడకి ఆనుకుని కూర్చున్నారు. మాస్టారు తలుపు దగ్గర ఈల తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

పరీక్షమ్మ పెద్ద తెర వాళ్లవైపు తిప్పింది. ఒకదాని కింద ఒకటి ఆరు గీతలు. గీత మీద చిన్నచిన్న ముళ్లు. ఒక్కో ముల్లు గుండె ఒక్కో దెబ్బ అని ఆవిడ చెప్పింది. తర్వాత గీతని మెల్లగా జరిపింది. ఒకచోట ముళ్లు ఆగిపోయాయి. పళ్ల వరసలో పన్ను ఊడినచోటులా ఖాళీ. పైగీతలోనూ ఖాళీ. దాని కింద గీతలోనూ. ఆరు గీతల్లోనూ, సరిగ్గా ఒకే చోట. అది ఇవాళ పొద్దుటిది. ఇంకా జరిపి నిన్నటిది చూపించింది. అందులోనూ ఉంది. అంతకుముందు రోజుదీ చూపించింది. వెనక్కి వెళ్లేకొద్దీ ఆ ఖాళీ చిన్నదవుతోంది. అంటే ముందుకొచ్చేకొద్దీ పెరుగుతోంది.

"ఆరుగురు ఆరు మంచాల మీద పడుకుంటే ఆరు గుండెలూ ఒకే క్షణంలో ఆగుతాయా?" అంది పరీక్షమ్మ.

మాస్టారు, యంత్రంలో తేడా ఉండి ఉంటుంది, మొన్న వానకి ఆ గోడంతా చెమ్మగిల్లింది అన్నాడు. చెమ్మ గీతలో ముల్లు పెడుతుందేమో గాని తియ్యదు సార్ అని ఆవిడ మెల్లగానే అంది. ఒక్కొక్కరినీ బల్లమీద పడుకోబెట్టి తీగలు తగిలించి చూసింది. భయంతో అందరి గుండెలూ ఎగురుతున్నాయి, తాబేలుది కూడా కాస్త వేగంగానే ఉంది. ఖాళీ ఎవరికీ కనపడలేదు. పేరుపెట్టి పిలిస్తే దొంగ బయటికి వస్తాడా?

అప్పుడావిడ తెర ఆపేసి, పిల్లల ముందు నేలమీదే బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"ఎందుకు చేశారని అడగను. నిదానాన్ని బట్టి పోల్చలేను, జబ్బు చేసిన గుండె కూడా అలాగే నిదానిస్తుంది. ఎవరిదో చెప్పండి చాలు. పడుకున్నప్పుడే ఇంత ఖాళీ వచ్చేది, రేపు ప్రాణం పెట్టి పరిగెత్తేటప్పుడు వస్తే..."

రేపు సాయంత్రం బీప్ పరుగు. గీతకీ గీతకీ మధ్య కూతకి తగ్గట్టు అటూ ఇటూ పరిగెత్తాలి. కూతలు దగ్గరపడుతూ ఉంటాయి. నిలబడలేక పడిపోయేదాకా పరిగెత్తాలి. చివరిదాకా మిగిలిన నలుగురూ పెద్ద పోటీలకి వెళతారు. ఆ పరుగు వాయిదా వెయ్యమని పరీక్షమ్మ అడిగింది. రేపే పేర్లు పంపాలి, మీ యంత్రం సర్దుకునేదాకా పైవాళ్లు ఆగరు అని మాస్టారన్నాడు. తర్వాత పిల్లలవైపు తిరిగి, ఎవరైనా ఏదైనా చేసుంటే ఇప్పుడే చెప్పండి, వాళ్ల పెట్టె గేటు దాకా నేనే మోస్తా అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇంకెవరు నోరు విప్పుతారు? తాబేలు వేలు పిచ్చుక తొడమీద గట్టిగా నొక్కింది.

పరీక్షమ్మ లేచి బట్టలు దులుపుకుంది. రేపు పొద్దున మాత్రం ఎవరి పట్టీ వాళ్లు కట్టుకోండి, అదొక్కటే నేనడిగేది అని గోడకి చెప్పినట్టు చెప్పింది.

*

సాయంత్రం పంపు దగ్గర అక్కచెల్లెళ్లిద్దరూ బూట్లు కడుగుతున్నారు. బూటు అడుగున ఇరుక్కున్న మట్టిని పిచ్చుక పుల్లతో గీకుతోంది. గీకినచోటే గీకుతోంది.

గుట్టమీద ఏమైందో చెప్పమని అడిగింది. ఎండ అంది తాబేలు. ఇవాళ ఎండే లేదని పిచ్చుక అంది. అప్పుడు తాబేలు చెప్పుకొచ్చింది. మొన్న స్నానాల గదిలో సబ్బు అందుకోబోయి, కళ్లు తెరిచేసరికి నేలమీద ఉంది. పంపు పారుతూనే ఉంది. ఎంతసేపైందో తెలియదు. తల వెనక బొప్పి కట్టింది. అంతకుముందు కూడా ఒకసారి, మెట్లమీద. దెబ్బేం తగల్లేదుగా అని నవ్వింది.

పిచ్చుక పుల్ల పారేసింది. పరీక్షమ్మకి చెబుతానంది.

"చెప్పు. చెబితే ఏమవుతుందో తెలుసా? నేను బయటికి. ఇన్నాళ్లూ మోసం చేశారని మీ ఐదుగురూ బయటికి. రేపొక్కరోజు పరిగెడితే నేను వెళతా, నువ్వూ వెళతావ్. ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి రమ్మన్నా వస్తా."

"రేపే ఏదన్నా అయితే?"

"అయితే నాకు కదే. నీకెందుకు, కందకి లేని దురద?" తాబేలు బూటు గోడకేసి కొట్టి నీళ్లు దులిపింది. "నీ ఎరుపు కప్పడానికే ఇదంతా మొదలెట్టా. నోరు విప్పావంటే ఈ జన్మలో నీ మొహం చూడను."

అంతలో ఇంటినుంచి ఫోనొచ్చింది. పెద్దమ్మ. తిన్నారా, చలికి ఉన్ని చొక్కాలు వేసుకుంటున్నారా, పక్కింటావిడ కుక్క మళ్లీ ఈనింది, నాలుగు పిల్లలు, ఒక్కోటి ఒక్కో రంగు, దాని కాపరమేమిటో దానికే తెలియాలి. పెద్దమ్మ మాటలు ఎప్పుడూ అంతే, చేట్లోంచి జారినట్టు జారిపోతుంటాయి. చివర్న, నీ అక్క సంగతి నాకు తెలుసు, ఏదీ చెప్పదు, పళ్లు ఊడినా మింగేస్తుంది, నువ్వే కనిపెట్టి ఉండాలమ్మా అంది. అక్క ఎలా ఉంది అని అడిగింది.

పిచ్చుక పంపువైపు చూసింది. తాబేలు కడిగిన బూట్లని గోడ వారగా, ముక్కులు బయటికి ఉండేలా జతలుగా పేరుస్తోంది. తనవీ, చెల్లెలివీ, పనిలో పనిగా మూగనోమువి కూడా.

బాగానే ఉంది పెద్దమ్మా అంది పిచ్చుక.

*

పొద్దున నీళ్ల చప్పుడైంది. చీకట్లో గ్లాసు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లింది. పట్టీలు చేతులు మారాయి. గడుగ్గాయిది వచ్చింది, కవలలవి వచ్చాయి, మూగనోముది వచ్చింది. పరీక్షమ్మ మాట అందరికీ గుర్తే. అయినా ఈ ఒక్కరోజు దాటితే చాలని ఎవరి లెక్క వాళ్లకుంది. తాబేలు చొక్కా ఎత్తుకుని, ఐదు పట్టీలు ఒళ్లో పెట్టుకుని ఆరోదానికోసం చెయ్యి చాపింది.

పిచ్చుక గ్లాసులో వేళ్లు ముంచింది. నల్ల బిళ్లల మీద తడి రాసింది. రాసి, తన చొక్కా కిందికి పోనిచ్చి, కొక్కెం తగిలించుకుంది. ఎన్నాళ్లయిందో రబ్బరు తగిలి. చల్లగా, పాము చుట్టుకున్నట్టుంది.

తాబేలు చెయ్యి గాల్లో అలాగే ఉంది.

"ఏంటే, ఇంటిమీద బెంగ పెట్టుకున్నావా?" అంది గడుగ్గాయి.

"ఇది నాది," అంది పిచ్చుక. ఇంకేమీ చెప్పలేదు. ఎవర్నీ రమ్మనలేదు, ఎవరి మొహమూ చూడలేదు. తన మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది. ఖాళీ మంచం మీద చుట్టిపెట్టిన పరుపు దాని తలవైపే ఉంది. గుండె పట్టీని తన్నేస్తోంది. మూడో ఎరుపు, ఇంక చూడక్కర్లేదు.

తర్వాత నేలమీద పాదాల చప్పుడు. మూగనోము లేచి వచ్చింది. తాబేలు ఒళ్లోంచి తన పట్టీ తీసుకుంది. వెళుతూ వెళుతూ తాబేలు నెత్తిమీద ఒకసారి చెయ్యి పెట్టి తీసింది. ఆ వెనక కవలలు, ఒకదాని చెయ్యి ఒకతి పట్టుకుని. చివరికి గడుగ్గాయి, ముక్కు చీదుతూ, నన్నొక్కదాన్నే పచ్చగా చూస్తే ఆకనుకుని మేకలు తినేస్తాయి అని గొణుక్కుంటూ.

తాబేలు ఒళ్లో తన పట్టీ ఒక్కటే మిగిలింది. దాన్ని కట్టుకుని తాబేలు గోడవైపు తిరిగి పడుకుంది.

ట్యాబ్ కుయ్‌మంది. పిచ్చుక తల తిప్పలేదు. ఎదురు గోడమీద పడిన వెలుగే చెప్పింది. ఎరుపు. ఎరుపు. ఎరుపు. ఎరుపు. ఎరుపు. ఆ మధ్యలో ఎక్కడో గడ్డిపరకంత పచ్చ.

వరండాలో ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. పరీక్షమ్మ, ఒక కాలికే చెప్పు ఉంది. గదిలోకి వచ్చి ఎర్రచుక్కల వైపు కన్నెత్తైనా చూడలేదు. ఆ ఖాళీ ఇవాళ ఆవిడకి ఒక్క గీతలోనే కనపడి ఉండాలి. తిన్నగా తాబేలు మంచం దగ్గరికి పోయి, మోకాళ్లమీద కూర్చుని, మణికట్టు పట్టుకుంది. దొరికావా తల్లీ అంది. ఆ మాటలో కోపం లేదు. బావి గట్టుమీద ఆడుతున్న పిల్లని వెనకనుంచి వచ్చి ఒడిసిపట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

మాస్టారు వెనకాలే వచ్చాడు. ట్యాబ్ ముందు నిలబడి ఒక్కరాత్రిలో అందరికీ ఏమొచ్చిందని అడిగాడు. ఒక్కరాత్రిలో కాదు సార్ అంది పరీక్షమ్మ. ఆయనకి అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలో రంగులు మారాయి. ఇన్నాళ్లూ పెంచుకుంటూ పోయిన చుట్లన్నీ ఆయన కళ్లముందు గిర్రున తిరిగి ఉండాలి. అయినా మనిషి నోటికి అలవాటైన మాటే ముందు వస్తుంది. అందరూ పెట్టెలు సర్దుకోండి అన్నాడు. తాబేలువైపు వేలు చూపించి, ఆ పిల్ల ఒక్కతీ సాయంత్రం పరుక్కి రావాలి అన్నాడు.

"ఆ పిల్లనే ఇప్పుడు ఆస్పత్రికి తీసుకెళుతున్నా," అంది పరీక్షమ్మ.

"దానిది పచ్చే కదమ్మా."

"పచ్చే సార్. నా భయమూ అదే."

పిచ్చుక మంచం దిగింది. వంగి, కింద ఉన్న పెట్టె పట్టుకుని లాగింది. ఇనప పెట్టె గచ్చుమీద గరగరమంది. మూగనోము తన పెట్టె లాగింది. కవలలిద్దరిదీ ఒకటే పెట్టె, ఇద్దరూ కలిసి లాగారు. గడుగ్గాయి తన పెట్టె లాగి, మూత తెరిచి, బట్టలు మడతపెట్టకుండా కుక్కడం మొదలెట్టింది. ఎవరూ ఏడవలేదు, ఎవరూ బతిమాలలేదు. పెట్టెల చప్పుడు తప్ప గదిలో ఏ చప్పుడూ లేదు. మాస్టారు ఆ చప్పుడు మధ్యలో నిలబడి ఒక్కో మంచమే చూసుకుంటూ పోయాడు. చుట్టిపెట్టిన పరుపు దగ్గర ఆయన కళ్లు ఆగాయి. ఇలాంటి పరుపులు ఇంకో ఆరు. ఆ తర్వాత ఆ మైదానంలో ఈల ఎవరికోసం ఊదాలి?

ఆయన వెళ్లి ఆ ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. మోకాలు పట్టుకుని మెల్లగా చాపుకున్నాడు.

"పెట్టెలు లోపల పెట్టండి," అన్నాడు చాలాసేపటికి. "పెట్టి, పడుకోండి."

*

తాబేలు స్ట్రెచరు వద్దంది. తను నడవగలనంది. పరీక్షమ్మ ఒక పక్క, పిచ్చుక ఒక పక్క. చెల్లెలి భుజం పట్టుకుంది గాని మొహం ఇటు తిప్పలేదు. మెట్ల దగ్గరికి వచ్చారు.

మూడో మెట్టు మీద తాబేలు చెయ్యి భుజంమీంచి జారిపోయింది. విడిచినట్టు కాదు, తాడు తెగినట్టు. ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కి పిచ్చుక మీదికి వాలింది. పిడికెడు పిచ్చుక ఆ బరువుని గోడకి అదిమిపెట్టి నిలబడింది. అక్క తల తన మెడవంపులో ఉంది. రొమ్ము తన రొమ్ముకి ఆని ఉంది. తన గుండె తరుముకుపోతోంది, అక్కది లేదు. పరీక్షమ్మ అరుస్తోంది, ఎవరో పరిగెడుతున్నారు. అదేదీ పిచ్చుకకి పట్టలేదు. రావే, రావే అని లోపలే అనుకుంటోంది. ఎత్తిన రోకలి దించవే తల్లీ.

దభీమని పడింది.

తాబేలు కళ్లు తెరిచింది. ఎక్కడున్నానన్నట్టు మెట్లవైపు చూసింది. మిగిలిన మెట్లు చూసింది. మొదటిసారి దాని కళ్లలో భయం కనపడింది. ఇంక స్ట్రెచరు వద్దనలేదు.

*

గుండెకి దెబ్బ అందించే తీగలో లోపం ఉందని పెద్ద డాక్టరు చెప్పాడు. పరుగుల వల్ల నిదానించిన గుండె వేరు, ఇది వేరట. రెండూ పైకి ఒకేలా ఉంటాయట. మెడ దగ్గర సూదిలాంటిది గుచ్చి, మంచం పక్కన ఒక చిన్న డబ్బాకి తగిలించారు. గుండె కునుకు తీస్తే అది తట్టి లేపుతుంది. అలాంటిదే ఇంకా చిన్నది చర్మం కింద పెడతారు. ఆ తర్వాత పరుగు సంగతి ఇప్పుడే అడక్కండి అన్నాడు. పెద్దమ్మ బయట బెంచీమీద కూర్చుని, డాక్టరు చెప్పిందంతా కనపడ్డవాళ్లందరికీ మొదట్నుంచీ చెబుతోంది.

మర్నాడు పిచ్చుక ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన నిలబడింది. తాబేలు గోడవైపు తిరిగి ఉంది. మొహం చూడనన్న మాట మీదే ఉన్నట్టుంది. నర్సు వచ్చి సీసా మార్చి వెళ్లింది.

"ఇవాళ నీకేమొచ్చింది?" అంది తాబేలు, గోడతో.

"ఎరుపే."

"మిగతావాళ్లకి?"

"అందరివీ ఎరుపే."

"మాస్టారేమన్నాడు?"

"పడుకోమన్నాడు."

"మరి ఇక్కడికెందుకు ఏడ్చావ్, పడుకోక?" అని తాబేలు తీగ కదలకుండా కాస్త గోడవైపు జరిగింది.

పిచ్చుక చెప్పులు విప్పి, ఆ సందులో నడుం వాల్చింది. మంచం ఇనప అంచు వెన్నుకి గుచ్చుకుంటోంది. అక్క వీపుకి చెవి ఆనించింది. చివరి గదిలో ఎవరో దంచుతున్నారు. ఒక దెబ్బ, కాసేపు, ఇంకో దెబ్బ. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఆ ఖాళీ కోసం ఊపిరి బిగబట్టి కాపు కాసింది. పక్కన డబ్బామీద చిన్న దీపం ఒకసారి మిణుకుమంది. దెబ్బ తప్పలేదు.

అయినా పిచ్చుక చెవి తియ్యలేదు. మళ్లీ ఆగితే వినాలి కదా అని కాచుకుంటూ, కాచుకుంటూనే, ఎన్నో రాత్రుళ్లుగా రాని నిద్రలోకి జారిపోయింది.